నారుకు నీడ, చేనుకు ఎండ

దేశవాళీ మిరప వేద్దామనుకునే యువరైతులు ఈమధ్య మొదట అడుగుతున్న మాట ఒకటే: "పాలీహౌస్ కట్టి వెయ్యమంటారా, బయటే వెయ్యమంటారా?" వెనకటి వాళ్లయితే ఏ విత్తనం, ఏ నేల, ఏ కార్తెలో నారు పొయ్యాలి అని అడిగేవారు. ప్రశ్న ఇలా మారడానికి బలమైన కారణమే ఉంది. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి గుర్తించిన నల్ల తామర పురుగు, 2021-22 పంటకాలానికి తెలుగునాట మిరప పూతలోకి చేరింది. గుంటూరు నుంచి వరంగల్ దాకా రైతులు కళ్లెదుటే పూత రాలిపోతుంటే ఏ మందు కొట్టాలో తెలియక తల్లడిల్లారు. చాలామంది నాటిన పైరునే దున్నేశారు. ఆ ఏడాది చూసినవాడికి చేనంతటికీ ఒక కప్పు వేసి, తలుపు బిగించి, లోపల ప్రశాంతంగా పంట పండించుకోవాలని అనిపించడం సహజం.

ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోను. అయినా నా సమాధానం ముందే చెబుతాను. ఎండుమిర్చి కోసం పండించే మన దేశవాళీ రకాలకు ఆరుబయలే సరైన చోటు. కప్పు అవసరమయ్యేది పంట బతుకులో మూడు ఘట్టాలకు మాత్రం: నారు పెరిగే నెలన్నర, కాయ ఎండే కొద్ది రోజులు, వచ్చే ఏటికి విత్తనం దాచుకునే పని. ఈ మూడింటికీ ఎకరం కప్పాల్సిన పని లేదు. కొన్ని సెంట్లు చాలు. ఎందుకో, ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు అమ్మకం, తర్వాత కట్టడం

లెక్కతో మొదలుపెడదాం. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014లో ప్రకటించిన ఖర్చుల ప్రమాణాల్లో, గాలి సహజంగా ఆడే మామూలు పాలీహౌస్‌కు పెద్ద విస్తీర్ణంలో చదరపు మీటరుకు 844 రూపాయలు వేశారు. 4,000 చదరపు మీటర్లకు, అంటే ఎకరానికి పిసరు తక్కువకు, 33 లక్షల 76 వేలు. సగం రాయితీ వచ్చిందనుకున్నా దాదాపు 17 లక్షలు మీవే. అవి పదేళ్ల కిందటి ధరలు. ఆ తర్వాత ఇనుము, కూలి పెరిగాయే గాని తగ్గలేదు. పైన వేసే 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా నాలుగైదేళ్లకు పెళుసెక్కుతుంది, మార్చాలి. మధ్యలో పెద్ద గాలి వస్తే ముందే మార్చాలి.

ఇటువైపు రాబడి చూడండి. నీటి వసతి ఉన్న మంచి చేలో ఎకరానికి 25 క్వింటాళ్ల ఎండుమిర్చి వచ్చిందనుకుందాం. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం ఖరారు చేసిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ ధరకు పాతిక క్వింటాళ్లు అమ్మితే వచ్చేది 2 లక్షల 94 వేల చిల్లర. అందులోంచి కోత కూలి, మందులు, ఎరువు, కౌలు అన్నీ పోవాలి. కప్పు కింద దిగుబడి రెట్టింపు అయిందని ఊహించినా ఆరు లక్షలు దాటదు. 17 లక్షల అప్పుకు వడ్డీ కట్టుకుంటూ, పట్టాలు మార్చుకుంటూ, పడిపోయిన ధరకు ఎండుమిర్చి అమ్మి బయటపడే దారి నాకు కనిపించడం లేదు.

మరి పాలీహౌస్‌లో బెంగళూరు మిర్చి వేసి బాగుపడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అది వేరే వ్యాపారం. ఎర్రటి, పసుపుపచ్చటి ఆ పెద్ద కాయను తీగలాగా పైకి కట్టి నెలల తరబడి కోస్తారు, ఎకరానికి 30 టన్నుల పైన పచ్చికాయ తీస్తారు, అలాగే తూకం వేసి పట్నానికి పంపుతారు. నీటితో సహా అమ్ముడుపోయే కాయ అది. మన సన్నం కాయను పండాక కోసి ఎండబెడితే 100 కిలోలకు మిగిలేది 25 నుంచి 35 కిలోలు. పైగా ఎండుమిర్చిని శీతల గిడ్డంగిలో పెట్టి ఏడాది పొడుగునా అమ్ముతారు. జూన్‌లో కోసిన కాయకూ ఫిబ్రవరిలో కోసిన కాయకూ యార్డులో పెద్ద తేడా చూపరు. కాలం కాని కాలంలో కాయించడం కప్పు ఇచ్చే పెద్ద లాభం. ఆ లాభం ఎండుమిర్చికి అక్కరకు రాదు. ఎండాకాలంలో పట్నం పక్కన పచ్చిమిర్చి అమ్ముకునేవాడికి వస్తుంది. అతనికైనా పాలీహౌస్ కన్నా నీడనిచ్చే వల పందిరి చాలు.

అందుకే కట్టడం గురించి ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకోండి. ఈ కాయను పచ్చిగా అమ్ముతానా, పండుగా అమ్ముతానా, ఎండబెట్టి అమ్ముతానా? కొనేది ఎవరు? ఏ నెలలో? ఈ మూడు వాక్యాలు రాయలేకపోతే ఇంకా కట్టడం దగ్గరికి వెళ్లే వేళ కాలేదన్నమాట. మెరిసే కట్టడాన్ని చూసి పుట్టిన ధైర్యం, పట్టా చినిగిన మొదటి ఏడాదే జారిపోతుంది. అమ్మకం తెలిసి పుట్టిన ధైర్యం నిలుస్తుంది.

ఈ మొక్క అడిగే ఎండ, అడిగే చలి

ధర సంగతి అలా ఉంచి మొక్క దగ్గరికి వద్దాం. గుంటూరు సీమలో మిరప కాలం ఎంత బాగా అమరిందో ఒకసారి గమనించండి. జులై, ఆగస్టుల్లో నారు. ఆగస్టు చివరి నుంచి నాట్లు. వానలు వెనకపట్టే వేళకు పూత. ధనుర్మాసపు చలిలో కాయ ఎరుపెక్కడం. సంక్రాంతి నుంచి శివరాత్రి దాటేదాకా కోతలు, కల్లాలు. పగటి వేడి 35 డిగ్రీలు మించితే మిరప పూత రాలుస్తుంది. పండే కాయకు ఎరుపు నిండుగా రావాలంటే 18 నుంచి 24 డిగ్రీల మధ్య చల్లదనం కావాలి. కోసిన కాయకు పొడి ఎండ కావాలి. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి, పైసా ఖర్చు లేకుండా, ఆ నేల మీద దొరుకుతున్నాయి.

పాలీహౌస్ ఈ వరసను చెడగొడుతుంది. మన పగటి ఎండకు ప్లాస్టిక్ కింద గాలి బయటి కన్నా చాలా డిగ్రీలు ఎక్కువగా కాగుతుంది. పూత రాలడానికి అదే చాలు. వెలుతురు తగ్గి మొక్క కణుపు కణుపుకూ సాగుతుంది, పొడుగ్గా వెళ్లి కొమ్మలు బలహీనపడతాయి. లోపల గాలి కదలదు. మిరప పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందగలదు గాని ఆ పొడి రాలడానికి గాలో, తేనెటీగో కాస్త కదిలించాలి. కప్పు కింద ఆ పని మనిషి చేత్తో కొమ్మలు తట్టి చెయ్యాలి. ఇవేవీ సరిదిద్దలేని లోపాలు కావు. ఫ్యాన్లు, తడి మెత్తలు, నీడ తెరలు పెట్టి సరిచెయ్యవచ్చు. కాకపోతే ఒక్కొక్కటి సరిచేసినప్పుడల్లా కరెంటు బిల్లు పెరుగుతుంది. బయట ఉచితంగా ఉన్నదాన్ని లోపల కొనుక్కోవడం అవుతుంది.

కారం మాట కూడా చెప్పుకోవాలి. మిరపలో కారం గింజలో ఉండదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో తయారవుతుంది. కాయ ఎదిగే దశలో మొక్కకు కొంచెం నీటి ఎద్దడి తగిలితే చాలా రకాల్లో కారం పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. అన్ని రకాలూ ఒకేలా స్పందించవు, కారం మాట కూడా రకాన్ని బట్టే ఉంటుంది. అయినా నల్లరేగడిలో పదును ఆరుతూ, మళ్లీ తడుస్తూ పెరిగిన కాయకూ, రోజూ బొట్టుబొట్టుగా నీరూ ఎరువూ తాగి పెరిగిన కాయకూ ఘాటులో తేడా ఉందని కారం దంచే వాళ్లు అంటే నేను నమ్ముతాను.

వరంగల్ చపాటా సంగతి ఇంకా స్పష్టం. టమాట మిర్చి అని కూడా పిలిచే ఆ లావాటి, నిండు ఎరుపు కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. గుంటూరు సన్నానికి ఆ గుర్తింపు అంతకు ముందే ఉంది. ఇలాంటి పేరు ఒక ఊరి నేలకూ వాతావరణానికీ కట్టిన పేరు. నేల బదులు కొబ్బరి పొట్టు, వాతావరణం బదులు ఫ్యాను పెడితే కాయ రావచ్చు. ఆ పేరుతో అమ్మడానికి మాత్రం నాకు మనసొప్పదు.

ఇంకో నష్టం మెల్లగా జరుగుతుంది, కాబట్టి కనిపించదు. దేశవాళీ రకం అంటే తరాల తరబడి రైతులు బయట చేలో బతికి నిలిచిన మొక్కల నుంచి గింజ తీసి నిలబెట్టుకున్నది. ఎండకు తట్టుకున్నదీ, ఒక వాన తప్పినా కోలుకున్నదీ గింజ ఇచ్చింది. ఎండకు ఓడినది ఇవ్వలేదు. అదే రకాన్ని పదేళ్లు కప్పు కింద పెంచి అక్కడే విత్తనం తీస్తే, ఎండ తగలకుండా బాగా కాసిన మొక్కలే మనకు మంచివిగా కనిపిస్తాయి, వాటి గింజే దాస్తాం. పదేళ్ల తర్వాత చేతిలో ఉన్నది పేరుకు దేశవాళీ, స్వభావానికి పాలీహౌస్ మొక్క.

కప్పు ఆపలేని పురుగు

ఇక భయానికి మూలమైన తామర పురుగు దగ్గరికి వద్దాం. పాలీహౌస్ పక్కల్లో సాధారణంగా కట్టే 40 మెష్ వల తెల్లదోమను చాలావరకు ఆపుతుంది. దోమ శరీరం దాటాలంటే రంధ్రం దాదాపు 0.46 మిల్లీమీటర్లు ఉండాలి. తామర పురుగు చాలా సన్నం. దాన్ని ఆపాలంటే రంధ్రం 0.19 మిల్లీమీటర్లకు మించకూడదు. అంత బిగువైన వల కడితే పురుగుతో పాటు గాలీ ఆగిపోతుంది, లోపల వేడి ఇంకా పెరుగుతుంది, పూత ఇంకా రాలుతుంది. వల సడలిస్తే పురుగు వస్తుంది, బిగిస్తే వేడి వస్తుంది. మన ఎండలున్న చోట ఈ చిక్కుకు తేలికైన విడుపు లేదు.

ఒకసారి లోపలికి వచ్చాక పరిస్థితి బయటి కన్నా కష్టం. బయట ఒక గట్టి వాన పడితే తామర పురుగులు కొట్టుకుపోతాయి. వాటిని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు చేలో తిరుగుతుంటాయి. కప్పు కింద వాన లేదు, మిత్ర పురుగులను మనమే వల కట్టి బయట నిలిపాం. వెచ్చగా, శత్రువు లేకుండా ఉన్న చోటు తామర పురుగుకూ తెల్ల నల్లికీ పుట్టినిల్లు. పై ముడత, కింది ముడత రెండూ అక్కడ వేగంగా అల్లుకుంటాయి.

కప్పు అన్ని చోట్లా దండగ అని నేను అనడం లేదు. నాగాలాండ్, అస్సాం కొండల్లో 2008లోనే భౌగోళిక గుర్తింపు పొందిన నాగా మిర్చికి కుండపోత వానల నుంచి కాపు కావాలి. అక్కడ వెదురు గుంజల మీద ప్లాస్టిక్ వేసిన తక్కువ ఖర్చు పందిళ్లు ఎంతో మేలు చేస్తాయి. ఆ మొక్క స్వభావమే వేరు, అది కొంత నీడను ఇష్టపడుతుంది. నెదర్లాండ్స్‌లో మిరప జాతులు గాజు ఇళ్లలో పెరగడానికి కారణం అక్కడి చలి, చాలని ఎండ. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటూ ఊరి నుంచి తెచ్చుకున్న గింజలతో కొరివికారం కలుపుకోవాలనుకునే తెలుగువాళ్లకు కప్పు తప్పదు. ఆఖరి మంచు కురిసే తేదీకి ఎనిమిది వారాల ముందు ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, వెచ్చబడ్డాక కుండీలు బయట పెట్టుకోవాలి. ఆ చోట్లలో లేని ఎండను కప్పు సమకూరుస్తుంది. మన దగ్గర మిగిలి ఉన్న ఎండను అది అడ్డుకుంటుంది.

సెంటు కప్పు

ఇప్పుడు కప్పు నిజంగా బంగారం పండించే చోటికి వద్దాం. మిరపలో తొలి నెలన్నరే ప్రాణం. నారులో ఉండగా తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బర తెగులు సోకిన మొక్క చేలోకి వెళ్లాక కాయ ఇవ్వదు, పక్క మొక్కలకు జబ్బు మాత్రం పంచుతుంది. పెద్ద మొక్కకు అదే తెగులు వస్తే కొంత పంటైనా చేతికి వస్తుంది. కాబట్టి తెల్లదోమ నుంచి కాపు కావాల్సింది ఈ నలభై, నలభై అయిదు రోజులు.

ఎకరానికి ఎన్ని మొక్కలు కావాలి? సాళ్ల మధ్య 75 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 12,000. ప్రోట్రేకు 98 గుంటలు. మొలవనివీ, బలహీనమైనవీ పోను 150 ట్రేలు పెడితే సరిపోతుంది. దారులతో సహా ఒక్క సెంటు స్థలంలో ఇవి పడతాయి. ఇందాక చెప్పిన ప్రమాణాల్లోనే నీడ వల పందిరికి ఇనుప గొట్టాలతో అయితే చదరపు మీటరుకు 710 రూపాయలు, వెదురుతో అయితే 360. ఆ 2014 లెక్కన సెంటుకు వెదురు పందిరి 15 వేల లోపు. ఎకరం కప్పడానికీ దీనికీ తేడా మీరే చూడండి.

పక్కల చుట్టూ, పైనా 40 మెష్ వల, దాని మీద సగం ఎండ ఆపే నీడ వల, లోపలికి వెళ్లే చోట రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. దీన్ని మాత్రం అశ్రద్ధ చెయ్యకండి, ఒక్క తలుపు పెట్టిన చోట ట్రేలు మోసే సాయంత్రానికే దోమ లోపలికి వచ్చేస్తుంది. ట్రేలో కుళ్లబెట్టిన కొబ్బరి పొట్టు నింపి గుంటకు ఒక గింజ వెయ్యండి. నాటే ముందు వారం రోజులు నీడ వల తీసేసి, నీరు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చెయ్యండి. ఈ వారం వదిలేసిన నారు చేలో వాలిపోతుంది.

దేశవాళీ విత్తనం వాడేవారికి ట్రేలతో ఇంకో మేలు ఉంది. సెంటు నారుమడిలో చల్లే పాత పద్ధతికి ఎకరానికి 650 గ్రాముల విత్తనం పడుతుంది. ట్రేలలో 100 గ్రాములు చాలు. అరుదైన రకం గింజలు గుప్పెడే దొరికినప్పుడు ఈ తేడా ఆ రకానికి బతుకు.

విత్తనశుద్ధి తప్పనిసరి. కిలో విత్తనానికి లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కరిగించి, అందులో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి, మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి నీడలో ఆరబెట్టాలి. గింజ పైపొర మీద అంటుకుని వచ్చే వైరస్ దీంతో పోతుంది. 100 గ్రాముల గింజకు 15 గ్రాములు, 100 మిల్లీలీటర్ల నీరు.

నాటాక చేలో చెయ్యాల్సినవి మీ ఊళ్లో పెద్దలకూ తెలుసు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్నో, మొక్కజొన్నో మిరప కన్నా ముందే వేసి గోడలా నిలబెట్టండి. లోపల అక్కడక్కడ బంతి, ఆముదం ఎరగా ఉండాలి. తామర పురుగుకు నీలి రంగు జిగురు అట్టలు ఎకరానికి పాతిక, ముప్పై కట్టండి. బోదెల మీద వెండి రంగు మల్చింగ్ పట్టా పరిస్తే కింది నుంచి తిరిగి కొట్టే వెలుగుకు ఈ పురుగు వాలడానికి జంకుతుంది. యూరియా ఎక్కువై లేతగా, ముదురాకుపచ్చగా ఉన్న చేనుకు పురుగు ముందు వస్తుంది. వారానికో కొత్త మందు కొట్టే పోటీలోకి దిగకండి. మిత్ర పురుగులు చచ్చిపోయాక తామర పురుగు రెట్టింపు బలంతో తిరిగి వస్తుంది. 2021-22లో ఎక్కువ ఖర్చు పెట్టిన చేలే ముందు నిలబడ్డాయని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఇక నీరు పోయే దారి మాత్రం నాటకముందే తవ్వి ఉంచండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నీరు నిలిచిన మిరప చేలు వేరు కుళ్లి వాలిపోయాయి. ఇలాంటి వేళ కాలువ చేసే మేలు కప్పు చెయ్యలేదు.

కల్లానికి పందిరి

పండి కోసిన కాయలో బరువులో దాదాపు ముప్పాతిక నీరే. దాన్ని 10, 11 శాతానికి దించాలి. కల్లంలో బరకాల మీద పోసి ఎండబెట్టే పద్ధతిలో ఒక్క అకాల వాన, రెండు మూడు మంచు రాత్రులు చాలు, తొడిమ దగ్గర బూజు మొదలవుతుంది, కాయ తెల్లబడి తాలు కింద తీసేస్తారు. బూజుతో వచ్చే అఫ్లటాక్సిన్ కంటికి కనిపించదు. ఐరోపా దేశాలు మిర్చిలో అది కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు మించితే సరుకు దిగనివ్వవు. దేశవాళీ రకం పేరు చెప్పి మంచి ధర అడిగే రైతు ఈ పరీక్షలో నెగ్గాలి.

ఇక్కడ ప్లాస్టిక్ పందిరి నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది. ఇనుప కమానుల మీద పాలీహౌస్ పట్టా, లోపల నేలకు మూడడుగుల ఎత్తున వల బల్లలు, రెండు చివరలా గాలి పోయే కిటికీలు, వీలైతే సౌరశక్తితో తిరిగే చిన్న ఫ్యాను. మొక్కకు శత్రువైన ఆ వేడే కోసిన కాయకు మిత్రుడు. లోపల 45, 50 డిగ్రీల దగ్గర ఉంచుకుంటే కల్లంలో పట్టే రోజుల్లో సగానికి పని అయిపోతుంది. 60 దాటనివ్వకండి, ఎరుపు నల్లబారుతుంది. చపాటా లాంటి రంగు కాయకు ఇది మరీ ముఖ్యం, దాని ధర అంతా ఆ రంగులోనే ఉంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక పందిరి కట్టుకుని కోతలు వంతులవారీగా పెట్టుకుంటే ఖర్చు ఇంకా తేలిక. చెట్టు మీదే పూర్తిగా పండి కాస్త వడలిన కాయను కొయ్యండి. సగం పండినది ఎంత మంచి పందిట్లో ఎండబెట్టినా రంగు తిరగదు.

విత్తనం వల కింద

నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న భాగం ఇది. మిరప పువ్వు తనంత తానే కాయ కట్టుకోగలదు, అయినా తేనెటీగ పక్క చేను పుప్పొడి తెచ్చి పెడుతూనే ఉంటుంది. ఇలా పరపరాగ సంపర్కం ఎంత జరుగుతుందో వేర్వేరు చోట్ల కొలిచినవాళ్లకు పది శాతం లోపు నుంచి తొంభై శాతం దాకా కనిపించింది. మీ చపాటా పక్కన ఎవరిదో హైబ్రిడ్ చేను ఉంటే, ఈ ఏడు కోసిన కాయలో మార్పు తెలియదు. ఆ గింజ వేసిన వచ్చే ఏడు తెలుస్తుంది. లావు కాయల మధ్య సన్నకాయ, వేలాడే కాయల మధ్య పైకి నిలిచే కాయ. మన ఊళ్లలో ఎన్నో పాత రకాలు పోయింది ఇలాగే. వాటిని ఎవరూ కావాలని వదిలెయ్యలేదు, కలిసిపోయాయి.

ధ్రువీకరించిన విత్తనం పండించాలంటే ఇతర మిరప రకాల నుంచి 200 మీటర్లు, మూల విత్తనానికి 400 మీటర్లు దూరం ఉండాలని ప్రమాణం. రెండెకరాల రైతుకు అంత దూరం ఎక్కడిది? అందుకే వల. ఆగస్టు చివరికి నారు బయటికి వెళ్లాక ఆ సెంటు పందిరి ఖాళీగా ఉంటుంది. పైన నీడ వల తీసెయ్యండి, దోమ వలను పైకప్పుగా ఉంచండి, మొక్కకు పూర్తి వెలుతురు అందాలి. లోపల నేలలోనే, ఎరువు బలవంతంగా పెట్టకుండా, చేలో మాదిరిగానే ఒక యాభై మొక్కలు నాటండి. యాభై మొక్కలకు పట్టేది 17 చదరపు మీటర్లు, అర సెంటు కూడా లేదు. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య పువ్వులు విచ్చి పుప్పొడి రాలే వేళకు ఒక కర్రతో కొమ్మలను మెల్లగా తట్టండి. తేనెటీగ చేసే పని మీరు చేస్తున్నారు.

పందిట్లో నాటే మొక్కలు ఎక్కడి నుంచి రావాలి? బయట చేలో నిరుడు ఎండకూ పురుగుకూ నిలిచిన మొక్కల గింజ నుంచి. ఇది మరిచిపోతే ఇందాక చెప్పిన ప్రమాదంలోనే పడతాం. కాబట్టి చేలో కోతల వేళ ముందే తిరిగి, కాయను చూసి కాకుండా మొక్కను చూసి ఎంచుకోండి. ఒక్క గొప్ప కాయ ఉన్న రోగిష్టి మొక్క వద్దు. ముడత లేకుండా, కొమ్మలు బలంగా, కాయ రకానికి తగ్గ ఆకారంలో నిండుగా ఉన్న మొక్కకు రంగు దారం కట్టండి. ముప్పై, నలభై మొక్కలకు తగ్గకుండా ఎంచండి. ఒకే మొక్క నుంచి తీసిన విత్తనంతో రకం ఇరుకైపోతుంది, ఏదో ఒక తెగులు వచ్చిన ఏడు మొత్తం పోతుంది. చేలో దారం కట్టిన మొక్కల్లోనే, మొగ్గ విచ్చక ముందే ఒక కొమ్మకు పలచటి బట్ట సంచి తొడిగి, పిందె పడ్డాక సంచి తీసి ఆ పిందెలకు గుర్తు కట్టడం ఇంకా చౌక పద్ధతి. కొంచెం ఓపిక కావాలి, ఖర్చు మాత్రం పాత పంచె గుడ్డ.

రకం ఇప్పటికే కలిసిపోయి ఉంటే నిరాశ పడకండి. దారం కట్టిన ఒక్కొక్క మొక్క గింజను విడివిడి పొట్లాల్లో దాచి, మరుసటి ఏడు ఒక్కో పొట్లానికి ఒక్కో వరుస వెయ్యండి. వరుసంతా ఒకేలా వచ్చినది ఉంచండి, గజిబిజిగా వచ్చిన వరుసను పచ్చిమిర్చిగా అమ్మెయ్యండి. మూడు నాలుగేళ్లు ఇలా చేస్తే రకం తేటపడుతుంది. హైబ్రిడ్ ప్యాకెట్ నుంచి గింజ తీసి దేశవాళీ అని నమ్మే పొరపాటు మాత్రం చెయ్యకండి, అది వచ్చే ఏడు ఏ రూపాన్నైనా ఎత్తవచ్చు. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎల్‌సీఏ 334 వంటి సూటి రకాల గింజను మాత్రం నిశ్చింతగా దాచుకోవచ్చు.

కాయ చెట్టు మీద పూర్తిగా ఎర్రబడ్డాక, రెండో, మూడో కోతలో విత్తనం తీయండి. ప్లాస్టిక్ పందిరి వేడిలో పెట్టకండి, గింజ చచ్చిపోతుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వండి. తేమ 8 శాతానికి దిగాలి. గాలి చొరని డబ్బాలో దాచేట్టయితే 6 శాతం. గింజను వంచితే వంగకుండా పుటుక్కున విరిగితే దాదాపు ఆరినట్టే. నాటే ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. అరవైకి తక్కువ మొలిస్తే ఆ విత్తనం నమ్మకండి.

మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఊరు కలిసి తమ పాత రకాన్ని రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు, దానికి రుసుము లేదు. ఆ పని కోసం రకం లక్షణాలు ఇప్పటి నుంచే రాసిపెట్టండి: మొక్క ఎత్తు, కాయ పొడవు, పండాక రంగు, ఎన్ని రోజులకు పూత, ఎక్కడి నుంచి వచ్చిన గింజ, ఎవరి ఇంట్లో ఎంతకాలంగా ఉంది. డబ్బా మీద రకం పేరు, ఏడాది, చేను పేరు రాసి చీటీ అంటించండి. ఇంకో చీటీ డబ్బా లోపల వెయ్యండి, పైది ఊడిపోతుంది. అందులోంచి ఒక్కో గుప్పెడు తీసి వేరే ఊళ్లో ఉన్న ఇద్దరికి ఇవ్వండి. మీ చేను మునిగిన ఏడు ఆ ఇద్దరిలో ఒకరి దగ్గరైనా గింజ ఉంటుంది.